గోడ పక్క నుంచి ఫోన్ చేసిన పాస్టరమ్మ

ఫోన్‌లో ఆమె పేరే కనపడింది. పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరే హడావుడిలో క్యారియర్ సర్దుకుంటున్నాను. ఆ వేళప్పుడు పాస్టరమ్మ ఫోన్ చేసిందంటే ఆ ఫోనే ఆమెను ఏదో ఇబ్బంది పెట్టిందని అర్థం. అందుకే ఎత్తుతూనే నవ్వి, "ఏంది పాస్టరమ్మా, ఇవాళ ఏమడుగుతున్నాడు మీ ఫోనుగాడు?" అన్నాను.

అటునుంచి ఆమె కొడుకు గొంతు. "అక్కా, అమ్మ లేదక్కా."

"ఫోన్ ఇంట్లో పెట్టేసి యాడికి పోయింది?" అని అడిగాను.

ఫోన్ చేతులు మారింది. మా అమ్మ ఏడుపు వినపడింది. అప్పటికి గానీ 'లేదు' అన్న మాట నాకు తలకెక్కలేదు. యాడికి పోయింది అని నేనెంత మామూలుగా అడిగానో ఇది రాస్తున్నప్పుడు కూడా నా చెవుల్లో వినపడుతూనే ఉంది.

ముందురోజు సాయంత్రం మాట్లాడాం. ఫోన్ నిండిపోయిందట, ఫోటోలు తీసేస్తే గానీ పని చేయనంటున్నాడట. "ఏవి తీసేసేది పాపా? అన్నీ మా సండే స్కూల్ పిల్లోళ్ళవే గదా" అంది. సగం ఫోటోలు మసగ్గా ఉంటాయి కదా, అవి తీసేయమన్నాను. "మసగ్గా ఉంటే మాత్రం వాళ్ళు పిల్లోళ్ళు కాకుండా పోయినారా?" అని నన్నే కోప్పడింది. ఆదివారం వచ్చి చూస్తానన్నాను. సరేనంది. గొంతులో అలసట లేదు, ఆయాసం లేదు. అంత దిట్టంగా మాట్లాడిన మనిషి తెల్లారేసరికి ఎలా లేకుండా పోతుంది?

మీలో చాలామందికి ఆమె తెలిసే అవకాశం లేదు. ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దోవలో మా ఊరు. ఊళ్ళో చిన్న చర్చి. దాని పాస్టరుగారి భార్య ఆమె. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. మేము చర్చికి పోయేవాళ్ళం కాదు గానీ, చిన్నప్పుడు పాటల కోసం నేను సండే స్కూల్లో కూర్చునేదాన్ని. ఆ లెక్కన ఆమె నాకు టీచరు. నేను నెల్లూరులో ఉద్యోగంలో చేరాక, ఆమె కొడుకు తన పాత స్మార్ట్‌ఫోన్ ఆమె చేతిలో పెట్టాక, ఫోన్ సంగతుల్లో మాత్రం నేను ఆమెకు టీచరునయ్యాను.

ఫోన్‌ను ఆమె 'వాడు' అనేది. వాడు ఏమడిగినా గట్టిగా చదివి, ఆలోచించి గానీ ఒప్పుకునేది కాదు. మనమంతా చూడకుండా నొక్కేసే చోట ఆమె ఆగేది. ఒకసారి టార్చిలైటు కోసం ఏదో యాప్ వేసుకుంటే అది ఫోన్‌లోని పేర్లన్నీ చూడటానికి అనుమతి అడిగింది. వెంటనే నాకు ఫోన్. "దీపం వెలిగించేదానికి మావాళ్ళ పేర్లు ఎందుకు పాపా వీడికి?" ఆ యాప్ నా ఫోన్‌లో అప్పటికి రెండేళ్ళుగా ఉంది.

అక్షరాలు కొట్టడం కష్టమని మైకు గుర్తు నొక్కి మాట్లాడటం నేర్పించాను. ఒక గురువారం చర్చి గ్రూపులో ఆమె మెసేజి పెట్టింది: "రేపు ఉప్మా ప్రార్థన. అందరూ తప్పక రండి." ఆమె చెప్పింది ఉపవాస ప్రార్థన అని. వాడు విన్నది ఉప్మా అని. గ్రూపంతా నవ్వుల బొమ్మలే. ఎవరో "జీడిపప్పు వేస్తారా పాస్టరమ్మా?" అని అడిగారు. ఇంకొకరైతే సిగ్గుపడి ఆ మెసేజి తీసేసేవారు. ఆమె మరుసటిరోజు ప్రార్థన ముగిశాక, ఉపవాసం విడిచే వేళకు, పెద్ద గిన్నెతో ఉప్మా దించింది. జీడిపప్పు కూడా వేసింది. "వాడు రాసినాడు, నేను చేసినా" అంటూ వడ్డించింది. అప్పటినుంచి మా ఊళ్ళో శుక్రవారం ప్రార్థనకు అదే పేరు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వలేని సంగతి ఒకటుంది.

నిరుడు ఎండాకాలం మా అమ్మకు ఒక వీడియో కాల్ వచ్చింది. తెర మీద పోలీసు యూనిఫాంలో ఒకడు. అమ్మ పేరుతో వచ్చిన పార్శిల్లో మత్తుమందు దొరికిందని, ఆమెను అరెస్టు చేసినట్టేనని, కాల్ కట్ చేసినా ఎవరికైనా చెప్పినా కూతురిని కూడా లోపలేస్తామని బెదిరించాడు. గది తలుపేసుకుని కెమెరా ముందు కూర్చోమన్నాడు. మా నాన్న పోయినప్పటినుంచి అమ్మ ఒంటరిది. భయపడి కూర్చుంది.

వీధిలోకి చేపలామె వచ్చి కేకేసినా అమ్మ బయటికి రాలేదు. పట్టపగలు తలుపేసి ఉండటం పాస్టరమ్మ చూసింది. వచ్చి తట్టింది. "తలనొప్పిగా ఉండాది, పో పాస్టరమ్మా" అని లోపలినుంచే అమ్మ అంది. అమ్మ ఎప్పుడూ ఆమెను పొమ్మన్న మనిషి కాదు. పాస్టరమ్మ పెరటి తలుపులోంచి లోపలికి పోయింది. దిండుకు ఆనించిన ఫోన్, దాని ముందు చెమటలు కారుతూ అమ్మ.

"ఎవరామె? బయటికి పంపించు!" అని అరిచాడట వాడు.

పాస్టరమ్మ మంచం మీద అమ్మ పక్కనే కూర్చుని కెమెరాలోకి చూసింది. "ఏ స్టేషను నాయనా మీది?"

వాడు ఢిల్లీ అన్నాడు.

"మాది ఇందుకూరుపేట స్టేషను. అక్కడి నుంచి ఎవరినన్నా పంపించు. వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాము."

"నిన్ను కూడా అరెస్టు చేస్తా!"

"చెయ్యి. ఇద్దరం కలిసే వస్తాము. ముందు ఈమె బీపీ మాత్ర ఏసుకోవాల, ఏసుకోనీ." అంటూనే ఫోన్ తీసుకుని కాల్ కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది. అమ్మ వద్దు వద్దని ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చిందట. చివరికి ఫోనే ఆపేసి, తన ఫోన్ నుంచి నాకు చేసింది.

నేను పరుగున వచ్చేసరికి ఇద్దరూ మంచం మీద అలాగే కూర్చుని ఉన్నారు. పాస్టరమ్మ అమ్మకు మంచినీళ్ళు తాగిస్తోంది. "నాకూ భయమేసింది పాపా" అంది. "యూనిఫాం చూస్తే ఎవురికి భయం లేదు? కానీ నిజంగా పని ఉన్నోడైతే తలుపు కొడతాడు గదా. వీడు తలుపేసుకోమంటున్నాడే, అదేందో నాకు సరిపోలా."

ఆ సంగతి ఆమె వీధిలో ఎవరికీ చెప్పలేదు. అమ్మ తనంతట తాను చెప్పుకునేదాకా నోరు విప్పలేదు.

డబ్బు పోలేదు కానీ అమ్మ ధైర్యం పోయింది. ఫోన్ మోగితే చాలు వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను చేసినా ఎత్తేది కాదు. అప్పుడు పాస్టరమ్మ ఒక పని మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక తన ఇంట్లో కూర్చుని అమ్మకు ఫోన్ చేసేది. మొదట్లో అమ్మ ఎత్తకపోతే గోడ అవతలినుంచే, "నేనే, ఎత్తు!" అని అరిచేది. అమ్మ ఎత్తేది. "హలో, నేను. గోడ పక్కన ఉండేదాన్ని. ఏం కూర ఇయ్యాల?" ఆ మాట ఫోన్‌లోనూ వినపడేది, గోడలోంచీ వినపడేది. ఇద్దరూ ఆ కూర గురించే మాట్లాడుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు అరవాల్సిన అవసరం లేకపోయింది. ఇంకొన్నాళ్ళకు అమ్మ నా ఫోన్ ఎత్తింది. మా అమ్మ గొంతును నాకు తిరిగి తెచ్చిచ్చింది ఆమె. ఆ మాట ఆమెతో ఎప్పుడన్నా అంటే, "చాల్లే, ఉచిత కాల్సే గదా" అని కొట్టిపారేసేది.

ఆమె పోయిన పొద్దున, చర్చి ఊడ్చి వచ్చి, గుండెల్లో మంటగా ఉందని మజ్జిగ తాగిందట. వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అలాగే పక్కకు ఒరిగిపోయింది. ఆటోలో అమ్మ ఆమె పాదాలు రుద్దుతూనే ఉంది. నెల్లూరు ఆసుపత్రి గేటు దాటకముందే అంతా అయిపోయింది. కొడుకు తన ఫోన్ ఇంట్లో మర్చిపోయాడు. ఆమె ఫోన్ తీసి, ఆమె చివరగా మాట్లాడిన నంబరుకు చేశాడు. అది నాది.

మధ్యాహ్నం ఆమెను చర్చిలో పడుకోబెట్టారు. ఊరంతా వచ్చింది. పాడేవాళ్ళు పాట ముగించి ఆగిన క్షణంలో కిటికీలో పెట్టిన ఆమె ఫోన్ మోగింది. పాస్టరుగారే లేచి వెళ్ళి ఎత్తారు. ఆయనకు ఫోన్ వాడకం పెద్దగా తెలియదు. చెవికి పెట్టుకోబోయి స్పీకరు నొక్కినట్టున్నారు. కాలర్ ట్యూన్ పెట్టుకోమని చెప్పే రికార్డు గొంతు, ఎంతో హుషారుగా, హాలంతా వినపడింది.

ఆయన అంతా విన్నారు. తర్వాత మెల్లగా, "ఆమె లేదమ్మా. పొద్దున్నే చనిపోయింది" అన్నారు.

ఒకటి నొక్కమని ఆ గొంతు మళ్ళీ చెప్పింది.

"లేదమ్మా" అన్నారాయన మళ్ళీ. అది మనిషి కాదని ఆయనకు చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

సముద్రం వైపు ఇసుక నేలలో సమాధి చేశారు. అమ్మను మా ఇంట్లో చుట్టాలకు అప్పగించి, బీపీ మాత్రలు తేవడానికి నెల్లూరు వైపు బయలుదేరాను. దోవలో రెండు పక్కలా రొయ్యల గుంటలు. ఒకచోట స్కూటీ ఆపేశాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు. పొద్దు గూకుతోంది. కాపలా ఆయన ఎవరో గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, బండి ఆగిపోయిందా?"

"లేదన్నా, బాగానే ఉంది."

"మరి?"

నేను గుంట వైపు తిరిగాను. ఆయన నా మొహం చూశాడు. వెళ్ళి మోటారు స్విచ్ వేసి వచ్చి, కొంచెం ఎడంగా, నాలాగే గుంట వైపు తిరిగి నిలబడ్డాడు. రొయ్యలకు గాలి అందించే నీళ్ళలోని చక్రాలు ఒక్కొక్కటే కదిలాయి. చీకటి పడుతున్న ఆ నీళ్ళ మీద తెల్లటి నురుగు లేచి, గట్టు దాకా వచ్చి విరిగి, మళ్ళీ లేస్తూ ఉంది.