జబ్బు మొహం పోగొట్టుకున్నాను

నా ఎముకలను ఒక్కొక్కటిగా పేర్చినవాడూ, వాటిని అరగదీసే ఏళ్ళను కూడా తన చేతిలోనే పెట్టుకున్నవాడూ అయిన దేవునికి స్తోత్రం. ఊపిరి ఇచ్చినందుకు, దాన్ని కొంత వెనక్కి తీసుకుని భయపెట్టినందుకు, మళ్ళీ కొంత ఇచ్చినందుకు స్తోత్రం. జరిగింది చెప్పేముందే ఈ మాట చెప్పేస్తున్నాను. చెప్పాక అయితే నా నోట్లోంచి ఇంత సాఫీగా రాకపోవచ్చు.

నేను సినిమాల్లో జబ్బు మనిషిని. మంచం మీద దగ్గే తండ్రి, ఆస్పత్రి బల్ల మీద కూలబడే మామ, ఇంటర్వెల్ లోపే పోయే పెదనాన్న, అన్నీ నేనే. ఈ వేషాలకు నాకు మేకప్ పెద్దగా అక్కర్లేదు. కళ్ళకింద సంచులు, ఉబ్బిన బుగ్గలు, బూడిదరంగు తిరిగిన చర్మం, అన్నీ నా సొంతం. ఫిల్మ్ నగర్ ఆఫీసుల్లో మేనేజర్లు నా ఫోటో చూపించి, ఈయన్ని పడుకోబెడితే చాలు సగం సీను అయిపోయినట్టే అనేవారు. అది పొగడ్త అనుకుని, కాఫీలో ఇంకో చెంచా పంచదార వేయించుకునేవాణ్ణి.

మేముండేది రహమత్ నగర్‌లో, పై అంతస్తులో. సందు చివరే మా మందిరం. ప్రార్థనలో సంఘమంతా మోకరిస్తే నేను వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాణ్ణి. మోకాళ్ళు వంగవు. వంగితే లేవవు. ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం నేర్పినవాణ్ణి నేను. వాళ్ళంతా నేలమీద ఉండగా దేవుని ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం నాకు సిగ్గుగానే ఉండేది. వయసు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. తిండి గురించి మాత్రం ఆలోచించేవాణ్ణి కాదు.

అలాంటి రోజుల్లో నాకు ఆ వేషం వచ్చింది. పక్షవాతంతో మంచం పట్టిన హీరో తండ్రి. సినిమా అంతా మాట లేకుండా పడుకుని, చివర్లో ఒక్కసారి నోరు తెరిచి కొడుకుతో మాట్లాడతాడు. పేజీ నిండా డైలాగు. కెమెరా నా మొహం మీదే ఉంటుంది. ఇన్నేళ్ళలో నాకెవరూ పేజీ డైలాగు ఇవ్వలేదు. దగ్గు ఇచ్చారు, మూలుగు ఇచ్చారు. ఆ పేజీ వచ్చిన రోజు మా ఆవిడ కూడా నన్ను ఏమీ అనలేదు.

మంచం సీన్లు కొన్ని తీశాక హీరో కాలు విరిగి షూటింగ్ నెలల తరబడి ఆగిపోయింది. ఆ మధ్యలోనే ఒకరోజు మా ఇంటి మెట్లెక్కుతూ సగంలో ఊపిరందక కూలబడ్డాను. కింద వాటా వాళ్ళు, నేను అక్కడ కూర్చోవడం మామూలే అనుకున్నారో ఏమో, పక్కనుంచి బిందెలు పట్టుకుని దాటుకుంటూ పోయారు. ఒకావిడ చీర కొంగు నా మొహానికి తగిలింది. ఆవిడ కొంగు దులుపుకుంది.

డాక్టరమ్మ వయసులో చిన్నది. రిపోర్టులు చూసి, షుగరు కిడ్నీల దాకా పోయిందని చెప్పింది. నేను వయసు మాట ఎత్తబోయాను.

"వయసు మీద పెట్టకండి. తిని తెచ్చుకున్నారు. బరువు తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది, మోకాళ్ళు కూడా కొంత మాట వింటాయి. కిడ్నీ మాత్రం పోయినంత పోయినట్టే. ఉన్నది కాపాడుకోండి."

ఉప్పు బాగా తగ్గించమంది. రక్తంలో డి విటమిన్, బి పన్నెండు అడుగంటాయని వాటికి మాత్రలు రాసింది. మా సంఘంలో ఒక సహోదరి అమ్మే బలం పొడి డబ్బా సంచీలోంచి తీసి, ఇది తాగవచ్చా అని అడిగాను. మీ కిడ్నీలకు ఇది విషంతో సమానం, అమ్మినావిడనే తాగమనండి అంది. ఆదివారం ఆ మాట ఉన్నదున్నట్టు సహోదరికి చెప్పాను. నీకు విశ్వాసం తక్కువ అని ఆవిడ నా ముందే డబ్బాను ఇంకొకరికి అంటగట్టింది.

ఇంటికొచ్చిన పూటే మా ఆవిడ జాడీలన్నీ ఖాళీ చేసి పంచిపెట్టింది.

"ఆవకాయ కావాలా, నేను కావాలా అని మిమ్మల్ని అడగనులెండి. ఏం చెబుతారో నాకు తెలుసు."

చప్పటి పప్పు, జొన్నరొట్టె, పొద్దుగుంకకముందే భోజనం. తెల్లవారి జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతూ నడక. అక్కడ మంచి బూట్ల వాళ్ళు చెవుల్లో పాటలు పెట్టుకుని నన్ను దాటిపోయేవారు. బంగళాల వాచ్‌మన్లు నేను గోడ పట్టుకుంటే, ఇక్కడ పడకు ముసలాయనా అన్నట్టు చూసేవారు. ఇంట్లో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం సాధన చేసేవాణ్ణి. బస్తాలా వెనక్కి పడేవాణ్ణి. వేళకు మాత్ర, వేళకు నడక, మధ్యలో ప్రార్థన. దేహం దేవుని ఆలయమని పిల్లలకు చెప్పినవాణ్ణే, దాన్ని ఎంత చెత్తకుప్ప చేశానో నడుస్తుంటే తెలిసేది.

నెలలు గడిచాయి. బుగ్గలు దిగాయి. సంచులు పోయాయి. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే కుర్చీ పక్కకు నెట్టి మోకరించాను. ఆయన ప్రార్థనలు పొడవు. అయినా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను. ఆ రోజు నాకున్నంత గర్వం ఏ విశ్వాసికీ ఉండకూడదు.

అప్పుడే ఆ సినిమా మేనేజరు ఫోన్ చేశాడు. షూటింగ్ మళ్ళీ మొదలవుతోందని చెప్పి, బాగున్నారా అని అడిగాడు. దేవుని కృపవల్ల చాలా బాగున్నానండి అన్నాను. అతను దాన్ని మర్యాద మాటగా తీసుకున్నాడు. నేను కబురు చెప్పాననుకున్నాను. హీరోలు గడ్డం తీయాలన్నా దర్శకుణ్ణి అడుగుతారు. నా మొహం కూడా అలా అడగవలసిన వస్తువని నాకు తోచలేదు.

మేకప్ గదిలోకి వెళ్ళగానే మేకప్ మనిషి స్పాంజి పక్కన పెట్టేశాడు.

"ఏంది పెద్దాయనా, గిట్లయినవ్? మల్ల పెండ్లి జేసుకుంటున్నవా ఏంది?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దర్శకుడు వచ్చి ఫోన్లో నా పాత ఫోటో తెరిచి నా మొహం పక్కన పెట్టి చూశాడు. ఆయన నవ్వలేదు.

"ఎవరు తగ్గమన్నారండీ మిమ్మల్ని?"

డాక్టరుగారు అన్నాను.

"డాక్టరుగారు వేషమిస్తారా?"

బుగ్గల్లో దూది పెట్టి చూశారు. పడుకుంటే సరిపోయింది. డైలాగు మొదలుపెడితే దూది నాలుకకు చుట్టుకుంది. అప్పుడు కో-డైరెక్టర్ నన్ను పక్కకు పిలిచి దారి చెప్పాడు. రెండు వారాలు ఆగుతారట. పచ్చళ్ళు, అప్పడాలు, ఉప్పు కలిపిన నీళ్ళు దండిగా తీసుకుంటే మొహం అదే ఉబ్బి వస్తుందట. సీను అయ్యాక మళ్ళీ తగ్గించుకోండి, ఎవరు కాదన్నారు అన్నాడు. చాలా ప్రేమగా చెప్పాడు. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

ఇంట్లో ఈ మాట చెప్పాను. మా ఆవిడ కిందికెళ్ళి ఎవరింట్లోనో గిన్నెడు ఆవకాయ అడిగి తెచ్చి, చెంచా వేసి నా ముందు పెట్టింది.

"తినండి. ఆ డైలాగు మరిచిపోకండి, ఆస్పత్రిలో నాకు కూడా చెప్పాలి. మంచం ఎలాగూ అక్కడుంటుంది."

ఆ వాసనకు నోరూరింది. ఆ పేజీకీ నోరూరింది. మోకరించి దేవుణ్ణి అనుమతి అడిగాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బతిమాలాను. ఎంతసేపు బతిమాలినా మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. అదే నాకు జవాబు అనిపించి ఏడ్చాను. పొద్దున్నే ఫోన్ చేసి నా వల్ల కాదని చెప్పేశాను.

కథలో తండ్రిని చంపేశారు. వాళ్ళకు మాట్లాడే మొహం లేదు, పడుకునే మొహం ఫోటోల్లో ఉంది. ఒక్కరోజు రమ్మని మేనేజరు పిలిచాడు. శవం పాదాలు కావాలట, పాదాలు ఇంకా పాతవే కదా అన్నాడు. వెళ్ళాను. నా ఉబ్బిన మొహాన్ని పటం కట్టించి దండ వేసి, అగరొత్తులు వెలిగించారు. నన్ను తెల్లగుడ్డ కప్పి పడుకోబెట్టి, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టారు.

గుడ్డ కింద ఉండగా హీరో మాట్లాడటం మొదలుపెట్టాడు. అది నా పేజీ. నాన్నగారు బతికుంటే ఇలా అనేవారని చేర్చి ఆ మాటలన్నీ అతనికి ఇచ్చేశారు. సగంలో మరిచిపోయాడు. ఆ తరువాతి మాట నా నాలుక చివర ఉంది. నా ఒళ్ళంతా ఆ మాట కోసం బిగుసుకుంది. బొటనవేళ్ళు కదిలాయి. దర్శకుడు కట్ చెప్పి నా దగ్గరికొచ్చాడు.

"సార్, చచ్చాక కూడా బాగుపడతారా?"

ఈసారి ఆయన కూడా నవ్వాడు. దారం ఇంకొంచెం గట్టిగా కట్టించాడు. రెండోసారి కదలలేదు. బాగా వచ్చిందన్నారు.

ఇప్పుడు ఆఫీసులకు వెళితే నా మొహం చూసి, మీకు తగ్గ వేషం లేదంటారు. నిజమే. ఆరోగ్యంగా ఉన్న ముసలివాడికి తెలుగు సినిమాలో పనేముంది? నాకు వేషం అక్కర్లేదని అంటే అది దేవుని ముందు అబద్ధం. నాకు ఆ పేజీ కావాలి, ఈ మోకాళ్ళూ కావాలి. చదువుతున్నవారిని ఒక్కటి అడుగుతున్నాను. కూర్చున్నచోటనే, కుర్చీలోనైనా సరే, నాతోపాటు కళ్ళు మూసుకోండి. నేను ఒక్కణ్ణే అడిగితే మళ్ళీ ఆవకాయ అడుగుతానేమోనని భయం. ప్రభువా, నీవిచ్చిన ఈ ఒంటిని ఎవరికీ పనికిరాకపోయినా ప్రేమించే మనసివ్వు. మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళకు కూడా మోకాళ్ళు వంగేంత ఆరోగ్యమివ్వు. అందరం కలిసి అందాం, ఆమేన్.