సున్నం గోడ మీద మా సంసారం

పోయిన ఏడు ఈ రోజుల్లో నేను బట్టలు సర్దుకుని పర్చూరు పుట్టింటికి వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నాను సహోదరులారా, ఆ సంగతి మీలో చాలామందికి తెలుసు, తెలిసీ నోరు మెదపలేదు! మా ఆయన సైమన్‌ది జార్ఖండ్, సంతాలీ మాట్లాడే గిరిజనుడు, ఇక్కడ పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికొచ్చాడు, ఈ మందిరంలోనే మీ అందరి ముందు మా పెళ్లి జరిగింది. మొదటి నెల నుంచే గొడవ. నేను అన్నం వడ్డించి పక్కన నిలబడితే ఆయన కంచం తీసుకుని బయటికి పోయి అరుగు మీద తినేవాడు, నా చేతి కూడు అంత చేదా అని ఏడ్చేదాన్ని, ఎందుకని అడిగితే తెలుగు మాటలు చాలక ముఖం తిప్పుకునేవాడు.

సంఘ పెద్దల దగ్గరికి వెళ్తే ఏమన్నారు? "ఏమ్మా, మన జిల్లాలో మగపిల్లలు కరువయ్యారా?" అన్నారొకరు. "లోబడి ఉండు, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారింకొకరు. ఆయన్ని కూర్చోబెట్టి నీకేం కష్టమయ్యా అని ఒక్కరైనా అడిగారా? ఒళ్లు మండిపోయింది నాకు! ఆ మంటలోనే మోకరించి, "ప్రభువా, మనుషులకు మా బాధ పట్టదు, నువ్వైనా మా ఇద్దరి గోడు ఒకరిది ఒకరికి వినిపించు, లేదంటే నన్ను మా అమ్మ దగ్గరికి పంపెయ్యి" అని ప్రార్థించాను.

ఆ వారమే దేవుడు నల్లపాడు నుంచి సువార్తమ్మ గారిని పంపాడు. సండే స్కూలు పిల్లలకు బొమ్మలతో పాఠాలు చెప్పే పెద్దామె, మాలాంటి జంటలతో ఓపిగ్గా మాట్లాడుతుంది. మాకు వాక్యాలు అప్పజెప్పలేదు. ఇంత సున్నం, ఇంత ఎర్రమట్టి వేరువేరుగా నీళ్లలో కలిపిచ్చి పెరటి గోడ చూపించి, "మాటలు రాకపోతే పోనీ, మీ మీ అమ్మల ఇళ్లల్లో అన్నాలెట్టా తినేవాళ్లో గీయండర్రా" అంది.

నేను నాన్ననూ అన్నలనూ గీసి, వెనక గరిటె పట్టుకుని నిలబడ్డ అమ్మను గీశాను, మా ఇంట్లో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లం తింటాం, అది మర్యాద. ఆయన మాత్రం అమ్మా నాన్నా పిల్లలూ ఒకే కుండ చుట్టూ కూర్చున్నట్టు గీశాడు. ఆ పక్కనే బట్టీ గీసి, కూలీలందరికీ దూరంగా ఒక్కడే తింటున్న మనిషిని గీసి, తన గుండె మీద వేలు పెట్టుకుని, "ఇది నేను. నువ్వు కూడా పక్కన కూర్చోలేదు" అన్నాడు. అయ్యో దేవా! నేను మర్యాదకు నిలబడితే, ఈమె కూడా నన్ను వెలివేసిందని ఆ మనిషి అరుగెక్కాడు!

ఆ పూటే పక్కన కూర్చుని తిన్నాను, ఆయనే నాకు గోంగూర వడ్డించాడు, దేవునికే మహిమ! ఇప్పుడు ఏ తగువొచ్చినా గోడ దగ్గరికే పోతాం, అలుకుతాం, మళ్లీ గీస్తాం, నవ్వుకుంటాం.

మీ ఇళ్లల్లోనూ మాట తెగిపోయి ఉంటే ప్రభువును నమ్మండి, నోటికి రానిది చేతితోనైనా పలికిస్తాడు. కానీ ఒకటి అడుగుతాను, కోపమొస్తే రానివ్వండి. పోయినసారి సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో నేను వడ్డనలో ఉంటే, మా ఆయనకు అటూ ఇటూ చోటు ఖాళీగా ఉంది, మీరంతా చూశారు. ఇవాళ ఆరాధన అయ్యాక మళ్లీ విందు ఉంది. ఒక పక్క నేను కూర్చుంటాను. రెండో పక్క ఎవరు కూర్చుంటారు, సహోదరులారా?