పిన్ని ఎత్తు, మాయా మెట్లు

ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే ఇప్పట్లా వేలితో తాకి వదిలేసే పని కాదు, బాగా ఆలోచించి చేసే తీర్మానం. రీలుకి ముప్ఫయ్యారు బొమ్మలు. ముప్ఫయ్యేడోది వస్తే దేవుడి దయ. పుట్టినరోజుకి రెండు, పిక్నిక్‌కి మూడు చొప్పున వాడుకుంటూ మా హ్యూస్టన్ తెలుగువాళ్ళు ఒక్క రీలుతో ఏడాది గడిపేసేవారు. చివరికి కడిగిస్తే ఒకే కవర్లోంచి ఉగాదీ దీపావళీ కలిసి బయటపడేవి. అలాంటి రోజుల్లో ఒక రీలూ, దానితోపాటు ఒక ఖరీదైన కెమెరా నా చేతికిచ్చి నమ్మినవాడు మా గడ్డం ప్రొఫెసరు. (రాళ్ళని అంచనా వేయడంలో ఆయన దిట్ట. మనుషుల విషయంలో అంత చెప్పలేను.)

ఎనభైల మొదట్లో సంగతి. నేను టెక్సాస్‌లో సివిల్ ఇంజినీరింగ్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. పాత రాతి కట్టడాలు ఎలా కుంగుతాయి, ఎటు ఒరుగుతాయి అన్నది ఆయన పరిశోధన. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయిన నెలలోనే హ్యూస్టన్‌లో ఉండే మా బాబాయ్, పిన్ని థాంక్స్‌గివింగ్ సెలవులకి మెక్సికోలో పూర్వం మాయా జాతివాళ్ళు కట్టిన గుళ్ళ శిథిలాలు చూడ్డానికి బయలుదేరారు. సామాన్లు మోయడానికి నన్ను కూడా రమ్మన్నారు. అది తెలిసి ప్రొఫెసరు పిలిచాడు. "అక్కడ ఒక మెట్ల దారి ఉంది. కింద నుంచి పైదాకా ఫోటోలు తియ్యి. ప్రతి ఫోటోలో ఈ కర్ర కనపడాలి, లేకపోతే కొలతలు తెలియవు," అని ఎరుపూ తెలుపూ పట్టీలున్న మీటరు కర్ర ఇచ్చాడు. "పనికొస్తే వచ్చే సెమిస్టర్ అసిస్టెంట్‌షిప్ నీదే." పనికిరాకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నాకు తెలుసు. అసిస్టెంట్‌షిప్ లేకపోతే ఫీజు లేదు, ఫీజు లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే టికెట్టు ఒకవైపుకే.

విమానం, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత ఒక పికప్ ట్రక్కు వెనకాల మూడు గంటలు. చివర్లో ఒక పల్లె. ఇరవై పూరిళ్ళు, అగ్గిపెట్టెలూ సబ్బులూ అమ్మే ఒక కొట్టు, చుట్టూ మొక్కజొన్న చేలు, మనుషులకంటే ఎక్కువగా కుక్కలు. చేల చివర సగం అడవిలో మునిగి నిలబడి ఉంది ఆ కట్టడం. బాబాయ్ టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని, "వెయ్యేళ్ళ చరిత్ర మనవైపు చూస్తోందిరా," అన్నాడు. "మనవైపు చూస్తున్నది ఆ కోడిపుంజు, బాబాయ్. అది కూడా నీ చేతిలో పులిహోర పొట్లం వంక," అన్నాను. (అప్పట్లో ఎవరు గంభీరంగా మాట్లాడినా గాలి తీసేయడం నా బాధ్యత అనుకునేవాణ్ణి.)

బాబాయ్ తన కెమెరాతో రెండు ఫోటోలు తీశాడు. మూడోదానికి అనుమానం వచ్చింది, లోపల రీలు తిరుగుతోందా లేదా అని. మిట్టమధ్యాహ్నం ఎండలో కెమెరా వెనక మూత తీసి చూశాడు. "తిరుగుతోందిరా," అన్నాడు సంతోషంగా. "ఇప్పటిదాకా తిరిగింది, బాబాయ్," అన్నాను. అలా ఎండ తగిలి ఆ రీలు కాస్తా పాడై, మిగిలినది ప్రొఫెసరు రీలు ఒక్కటే.

పిన్ని కంచిపట్టు చీర, దానిమీద స్వెటరు, కింద టెన్నిస్ షూస్ వేసుకుని సిద్ధంగా ఉంది. ఆవిడకి నా పరిస్థితి అంతా చెప్పాను, ఫీజు, వీసా, ప్రొఫెసరు. శ్రద్ధగా విన్నది. "అయ్యో, నీ పని పాడుచేస్తానా నాన్నా? నువ్వు మెట్లే తీసుకో. నేను అడ్డం రాను, పక్కన నిలబడతాను."

"ఆయనకి రాళ్ళు మాత్రమే కావాలి పిన్నీ."

"మనిషి లేని ఫోటో ఎవరు చూస్తార్రా? పాపం, రాళ్ళు కూడా దిక్కులేనివాళ్ళలా ఉంటాయి."

ప్రతి ఆదివారం ఆవిడ చేతి వంట తిని బతుకుతున్నవాణ్ణి, గట్టిగా ఏమనగలను? పిన్ని నాలుగు మెట్లెక్కడం, కొంగు సర్దుకోవడం, ఎడంచెయ్యి రాతిమీద ఆనించి ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడడం, నేను నొక్కడం. సగం ఎక్కాక కాసేపు కూర్చుని, "మోకాళ్ళు బాగున్నవాళ్ళకే కాబోలు ఇక్కడ దేవుడి దర్శనం," అంది. ఇరవయ్యో ఫోటో దగ్గర నాకు కర్ర గుర్తొచ్చింది. కిందికి చూస్తే అది బాబాయ్ చేతిలో ఊరకుక్కల మీద డ్యూటీలో ఉంది. పైకి ఇమ్మని అరిస్తే, "ముందు వీటిని ఒప్పించు," అన్నాడు.

తిరిగొచ్చి రీలు కడిగించి ఇస్తే, ప్రొఫెసరు ఫోటోలన్నీ బల్లమీద పరిచాడు. "కర్ర ఏది?" అన్నాడు. "కుక్కలున్నాయి సార్," అన్నాను. అంతకంటే మంచి జవాబు ఇప్పటికీ తట్టలేదు.

"ఈవిడెవరు?"

"మా బాబాయ్ భార్య."

"ముప్ఫయ్యారింట్లోనూ ఉంది."

"ముప్ఫై నాలుగింట్లోనే సార్. మిగతా రెండింట్లో నా వేలుంది."

ఆయన నవ్వలేదు. నేను మనసులో సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టాను. ఆయన భూతద్దం తీసి ఒక్కొక్కటే చూసి అన్నాడు, "అన్నింట్లోనూ ఒకేలా నిలబడింది. కర్ర చేయాల్సిన పని ఈవిడ చేసింది. ఈవిడ ఎత్తెంతో సోమవారానికి కనుక్కో. తేలిందా, ఇవి పనికొస్తాయి. లేదా, మీ ఇంటి ఆల్బమ్‌లో పెట్టుకో."

ఆదివారం జేబులో టేపు పెట్టుకుని వెళ్ళాను. "పిన్నీ, నీ ఎత్తెంత?"

"ఎందుకు?"

"పరిశోధనకి."

"అయిదడుగుల రెండంగుళాలు," అంది తడుముకోకుండా.

పేపరు వెనక బాబాయ్ దగ్గాడు. "ఏమిటండీ ఆ దగ్గు?" అంది పిన్ని. "ఏం లేదు. పెళ్ళిచూపుల్లో కూడా అంతే చెప్పారు," అన్నాడు.

నేను అయిదడుగుల ఆరు. పిన్ని పక్కన నిలబడితే తల నా గడ్డం దాటదు. ఎటునుంచి లెక్కేసినా నాలుగడుగుల పదకొండు. "ఒక్కసారి ఆ గోడకి ఆనుకుని నిలబడతావా, కొలిచేస్తాను," అన్నాను.

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?" అని గరిటె గాలిలో ఆపింది. గరిటెలో గుత్తివంకాయ ఉంది. కింద నా కంచం ఖాళీగా ఉంది. టేపు జేబులోనే ఉండిపోయింది.

సోమవారం ప్రొఫెసరుకి నూట యాభై ఏడు సెంటీమీటర్లని చెప్పాను. "కచ్చితమేనా?" "ఆవిడే చెప్పారు సార్." లెక్కలు కడితే ఆ మెట్ల దారి అంతకుముందు ఎవరో కొలిచినదానికంటే దాదాపు మీటరు ఎక్కువ తేలింది. ముందువాడు అజాగ్రత్తగా కొలిచాడని ప్రొఫెసరు పొంగిపోయాడు. నాకు అసిస్టెంట్‌షిప్ వచ్చింది. ఫోటో కింద 'పక్కన నిలబడిన స్త్రీ ఎత్తు 157 సెం.మీ.' అని ఆయన వ్యాసంలో అచ్చయింది. పిన్ని ఆ పేజీకి ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టింది.

ఆ తర్వాత ఎన్నో వంతెనలకి లెక్కలు చూశాను. ప్రతి కొలతా మూడుసార్లు సరిచూడనిదే సంతకం పెట్టనని నాకు పేరు. ఆ ఒక్క మీటరు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందరికీ గాలి తీసే ఆ కుర్రాడు ఒక్కచోట నోరు మూసుకున్నాడు, అక్కడే వాడి చదువు నిలబడింది.

మొన్న పిన్నిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డెబ్బై అయిదు దాటాయి. నర్సు ఎత్తు కొలిచి నాలుగడుగుల తొమ్మిది అని రాసుకుంది. పిన్ని నావైపు తిరిగి, "అచ్చులో ఎంతుందో ఆ అమ్మాయికి చెప్పరా," అంది.

చెప్పాను. ఆ అమ్మాయి రాసింది దిద్దలేదు గానీ, పిన్ని మాత్రం కారు దాకా ఎడంచెయ్యి నా భుజానికి ఆనించి నిటారుగా నడిచింది.