ముందు లాలాపేట్ ఉంది

నిన్న పొద్దున ఉప్పల్ బస్టాప్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. గిరి నంబర్. ఎత్తగానే "సాయంత్రం వస్తనని జెప్పిన గదరా" అన్నాను.

అవతల వాళ్ల బామ్మర్ది.

గిరి లేడన్నాడు.

డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో షూ వేసుకుంటున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడట. దవాఖానాకు చేరేలోపే అయిపోయిందట. ముప్పై నాలుగేళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని, వచ్చిన బస్సు ఎక్కేశాను. నాచారం పోవాల్సినవాణ్ణి ఎల్బీ నగర్ బస్సులో కూర్చున్నాను. రెండు స్టాపులు దాటాక కానీ తెలియలేదు.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

వాడిని ఎరగని వాళ్ల కోసం రాస్తున్నాను. యాదగిరి, నేను నాచారంలో ఒక ప్లాస్టిక్ కంపెనీలో ఎనిమిదేళ్లుగా ఒకే షిఫ్ట్. మా దోస్తీ అంతా వాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక కార్ రేసింగ్ వీడియో గేమ్ మీద నడిచింది. రెండు చేతుల్లో ఇమిడే మెషిన్.

మస్తు గేమ్. ఆ ఇంజిన్ సౌండ్‌కి లంచ్ డబ్బా చల్లారిపోయినా పట్టేది కాదు. వాన ట్రాక్‌లో కారు జారుతుంటే ఇద్దరం కుర్చీల్లో పక్కకి ఒరిగిపోయేవాళ్లం.

అంత సతాయించే గేమ్ కూడా ఇంకోటి చూడలేదు. ఎండలో స్క్రీన్ కనబడదు. రేస్ మధ్యలో సేవ్ కాదు. ఎంత ముందున్నా సరే, చివరి ల్యాప్‌లో ఒక ఎర్ర కారు ఎక్కణ్ణుంచో ఊడిపడి దాటేస్తుంది. ఆరేళ్లుగా ఫైనల్ రేస్ మాకు దక్కలేదు.

చెరో ల్యాప్ మా రూల్. వాడు ఒక ల్యాప్ కొట్టి, పాజ్ చేసి నాకిస్తాడు. అక్కడే చిక్కు. పాజ్‌లో స్క్రీన్ నల్లబడుతుంది. తీయగానే వన్ టూ త్రీ ఏమీ ఉండదు, కారు దూసుకుపోతుంది. ముందు ఏ మలుపో తెలియకపోతే నేరుగా గోడకే.

అందుకని ఇచ్చేవాడు మలుపు చెప్పి ఇవ్వాలి. గిరికేమో లెఫ్ట్, రైట్ ఎప్పుడూ తారుమారే. ఒకసారి వాడి మాట విని గోడకి గుద్దాను. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

అప్పుడు మలుపులకి మన ఏరియా పేర్లు పెట్టాడు. పెద్ద రౌండ్ వస్తే ఉప్పల్ రింగ్. గోడని ఆనుకుని వచ్చే ఇరుకు రైట్ టర్నింగ్ లాలాపేట్. అక్కడ బ్రేక్ పట్టుకునే తిప్పాలి.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు.

"మామా, ఫైనల్ల ఫస్ట్ ఉన్న. ఆఖరి ల్యాప్ నీదే. పాజ్ జేసి చార్జింగ్ వెట్టిన. బ్యాటరీ అర్ధగంట గూడ ఆగుతలేదు, కరెంట్ పోకముందే రా."

పనుందిరా, రేపు సాయంత్రం వస్తానన్నాను. ఏం పని లేదు. టీవీ ముందు పడుకున్నాను.

అయితే మలుపు యాది మరుస్తానేమో, రాసి పెడతానన్నాడు.

నిన్న వాళ్లింట్లోకి ఐస్ బాక్స్ తెచ్చారు. ప్లగ్ కోసం ఎవరో గోడకున్న చార్జర్ పీకబోయారు. గిరి భార్య స్వప్న చెయ్యి అడ్డం పెట్టింది.

"గా చార్జర్ తీయొద్దు. అన్న కోసం వెట్టిండు."

ఐస్ బాక్స్‌కి పక్కింటినుంచి వైరు లాగారు.

అంతా అయ్యాక ఆ గేమ్ చార్జర్‌తో సహా తెచ్చి నా చేతిలో పెట్టింది. వెనక చిన్న కాగితం అంటించి ఉంది. గిరి రాత. "ముందు లాలాపేట్."

"లాలాపేట్‌ల మాకెవ్వరు లేరన్నా. ఎవరికన్న కబురు జెప్పాల్నా?" అని అడిగింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ కబురు నాకేనమ్మా అని మాత్రం అనగలిగాను.

బ్యాటరీ అయిపోకముందే ఇంటికి ఉరికి, రాత్రంతా చార్జింగ్‌లోనే ఉంచాను. ఇవాళ పొద్దున పాజ్ తీశాను. బ్రేక్ పట్టుకుని రైట్ తిప్పాను. గోడ తగల్లేదు.

ఎర్ర కారు మాత్రం మళ్లీ దాటేసింది.

సెకండ్ వచ్చాం రా.

పక్కన కూర్చుని తిట్టడానికి నువ్వు లేవు. నేను ఆదివారమే రావాల్సింది.

పోయిరా గిరీ. నువ్వు చెప్పిన మలుపు దాటించాను. ఇక ఏ ఫికర్ లేకుండా నిమ్మళంగా ఉండు.