కొండమ్మ పిల్లికన్ను రాయి

మా చిన్నప్పుడు నర్సీపట్నం సంత రోజు వచ్చిందంటే మా కొలిమి ముందు కాలు పెట్టడానికి చోటుండేది కాదు... కొండ దిగి వచ్చినవాళ్లు అడ్డాకులు, చింతపండు సంతలో దించేసి, కత్తులూ కొడవళ్లూ మా ముందు కుప్ప పోసేవారు. నాన్న సుత్తి పట్టేవాడు, నేను తిత్తి ఊదేవాణ్ణి. నాకు పన్నెండేళ్లు. నాలుగో తరగతితో బడి మానేసినా నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి.

వచ్చేవాళ్లలో కొండమ్మ అని ఒకావిడ ఉండేది. నన్ను అల్లుడూ అని పిలిచేది, నేను అత్తా అనేవాణ్ణి. మా పిల్లని చేసుకుంటే కాళ్లు కడిగి జీలుగు చెట్టు కల్లు పోస్తానని వేళాకోళం ఆడేది.

ఆ ఏడు వాళ్ల ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. ఒంటెద్దుతో దుక్కి సాగదు కదా... జత ఎద్దు కోసం ఆమె తిరగని ఊరు లేదు. అలాంటప్పుడు వాళ్ల గెడ్డలో, వాగు ఇసుక మధ్య, ఆమెకో రాయి దొరికింది.

సంత రోజున పట్టుకొచ్చింది. నాన్న టీ తాగడానికి వెళ్లాడు. కొంగు ముడి విప్పి నాకు చూపించింది... చింతగింజంత రాయి. తేనె రంగు. ఎండలో అటూ ఇటూ తిప్పితే లోపల తెల్లటి గీత ఒకటి, పిల్లి కంట్లో గీతలాగా కదిలేది. సంతకు రాళ్లు కొనే సేటు వచ్చాడట. అతనికి చూపించే ముందు మంచిదో కాదో నాన్నని అడుగుదామని వచ్చింది. నిజం రాయైతే ఎద్దు వచ్చేస్తుందని ఆశ. గాజుముక్క పట్టుకెళ్తే సంతంతా నవ్వుతుందని భయం.

నాన్న వచ్చేదాకా ఆగమంటే సరిపోయేది. నా నోరు ఆగలేదు.

"మా నాన్నెందుకు అత్తా... నిజం రాయైతే సుత్తి దెబ్బకి పగలదు. గాజైతే పగుల్తాది. ఇటియ్యి" అన్నాను.

అప్పట్లో అందరి నోటా అదే మాట. కమ్మరోళ్ల పిల్లాడికి తెలియకపోతుందా అనుకుని ఇచ్చేసింది.

దాగలి దిమ్మ మీద పెట్టి ఒక్క దెబ్బ వేశాను... నాలుగు ముక్కలైంది.

ఆమె ముక్కల మీదికి వంగి చూసింది. నాకు లోపల గుబులుగానే ఉంది, పైకి మాత్రం ఇది గాజేనని గట్టిగా చెప్పాను. నమ్మింది. ముక్కలు కూడా ఏరుకోకుండా సంతలోకి వెళ్లిపోయింది.

నాన్న వచ్చాక ఇదంతా గొప్పగా చెప్పాను. ఆయన ఒక ముక్క తీసుకుని, మేం ఇనుము అరగదీసే ఆకురాయి మీద గట్టిగా రుద్దాడు. గాజైతే అరిగిపోవాలి... దానికేమీ కాలేదు. ఆకురాయి మీదే గీత పడింది.

నాన్న అరిచే మనిషి కాదు.

"కాల్చి నీళ్లలో ముంచిన ఉలి ఎంత గట్టిగుంటాది... దెబ్బ తగిల్తే పుటుక్కున ఇరిగిపోదా? గట్టిదేరా పగిలేది. అది నిజం రాయి. బేగెల్లి కొండమ్మకి సెప్పు. ముక్కలైనా సేటుకి సూపించుకుంటాది" అని, నాలుగు ముక్కలూ పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు.

పరిగెత్తాను. కొండమ్మ చింతపండు కుప్ప దగ్గర, నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి వాళ్లకు చూపించింది.

"ఈడే మా అల్లుడు. ఈడు సెప్పకపోతే గాజుముక్క అట్టుకెల్లి సేటు ముందు నవ్వులపాలైపోదును" అంది. నా చేతిలో ఒక సీతాఫలం పెట్టింది.

అందరూ నన్నే చూస్తున్నారు... ఆ చూపు నాకు బాగుంది. పొట్లం నిక్కరు జేబులోనే ఉంది. సీతాఫలం అక్కడే నిలబడి తిన్నాను. తిరిగొస్తూ పొట్లాన్ని కాలవలో పారేశాను. కొండమ్మకు చెప్పేశానని నాన్నతో అన్నాను.

ఏటా తొలకరికి ముందు కొండమ్మ నాగలి కర్రు సాగగొట్టించడానికి తెచ్చేది. మరుసటేడు కర్రు తేలేదు... నాలుగు పారలు తెచ్చింది. మిగిలిన ఎద్దునీ అమ్మేశారట. మెట్టంతా చేత్తోనే తవ్వుకుంటున్నారట. ఆ పారలు కాలుతుంటే తిత్తి ఊదింది నేనే.

చెబుదామనుకున్నాను... వచ్చే సంతకి చెబుదామని. అలా ఎన్ని సంతలు వెళ్లిపోయాయో.

చాలా ఏళ్ల తర్వాత ఆ గెడ్డ మీద రంగురాళ్ల కోసం జనం విరగబడ్డారు. ఎక్కడెక్కడి వాళ్లో జల్లెడలు పట్టి ఏరుకుపోయారు. కొండమ్మ ఇంటివాళ్లు మాత్రం వంగి ఒక్క రాయి తీయలేదు... అవి ఉత్త గాజుముక్కలని, కమ్మరోళ్ల అల్లుడు పగలగొట్టి మరీ చూపించాడని ఆమె వాళ్లను ఆపేసిందట.

ఈ సంగతి మొన్న ఆమె కొడుకు సన్నిబాబు బజార్లో కనపడి నవ్వుతూ చెప్పాడు. కొండమ్మ కిందటేడు పోయిందట.

నేను ఎవరికీ తల వంచని మనిషినని మా వీధిలో పేరు. ఆ రోజు బజార్లో నిలబడి అతనికి మొత్తం చెప్పేశాను. అతను కోప్పడలేదు. బండి స్టాండు తీస్తూ ఒక్కటే అన్నాడు.

"నాకు సెప్తే ఏటి లాభం బావా... మొన్నటిదాకా బతికే ఉంది కదా."

ఇప్పుడు రాయి మంచిదో కాదో చెప్పడానికి మిషన్లు వచ్చాయి. కాగితం మీద ముద్ర కొట్టి ఇస్తారు. మా మనవరాలు ఫోనులో చదివి చెప్పింది... అన్నం గిన్నెలో ఉండే అల్యూమినియమే పిల్లికన్నులోనూ ఉంటుందట, మరింకేదో దాంతో కలిసి భూమి లోపలి వేడికి అంత గట్టిపడుతుందట. లోపల వెంట్రుక కన్నా సన్నని పోగులుంటే ఆ గీత మెరుస్తుందట. సుత్తి ఎత్తే పనే లేదు ఈ రోజుల్లో.

మా రోజుల్లో ఇవేవీ లేవు, అందుకే తప్పు జరిగింది అని నేను చెప్పుకోలేను... మా నాన్న ఆకురాయి ఉంది. నాకు ఆ పూటే తెలిసింది.

మీరూ చిన్నప్పుడు ఇలాంటి మాట ఏదైనా మింగేసి ఉంటే కింద రాయండి, చదువుతాను. ఆ మనిషి ఇంకా బతికి ఉంటే మాత్రం ఇక్కడ రాయొద్దు... వెళ్లి చెప్పండి.