బెరడు మీద గోటిగీత

మా ఆడబిడ్డ పోయిందన్న కబురు పొద్దున్నే, నేను కందిపప్పు కడుగుతుండగా వచ్చింది. "అక్కా, లేదక్కా" అన్నాడు ఆమె భర్త ఫోనులో. కామెర్లు ముదిరి అనంతపురం ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఫోను మోగితే చాలు భయపడుతూనే ఉన్నాం. ముప్పై దాటి ఎన్నాళ్లో కాలేదు. మధ్యాహ్నానికి కూడా ఆ పప్పు నీళ్లలోనే ఉంది.

తొంభైల చివర్లో ఆమెకు కర్ణాటకలో, వానలు బాగా పడే వైపు, అటవీ కళాశాలలో సీటు వచ్చింది. మా మామ నవ్వాడు.

"అడవి సదువంట! ఈడ అడవి యాడుండాది పాపా? కంపచెట్లకు డాక్టరువైతావా?"

"లేదనే కదా నాయనా సదివేది" అంది.

సెలవులకు వచ్చినప్పుడు మా పెరట్లో నిమ్మచెట్టు ఆకంతా రాల్చి నిలబడి ఉంది. దాన్ని కొట్టేయించబోతున్నాను. ఆమె బొటనవేలి గోటితో బెరడు గీకి చూసింది. "లోపల పచ్చగుండాది వదినా, నీళ్లు పొయ్యి. ఆకు రాల్తే సచ్చినట్టు కాదు." అప్పటి నుంచి ఆ నిమ్మకాయలతోనే మా ఇంట్లో ఏటా ఊరగాయ.

చదువు అయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. గుంతకల్లులో మా రైల్వే క్వార్టర్సులోనే ఉండి గుత్తి వైపు బస్సులో వెళ్లొచ్చేది. అక్కడ ఒక కొండను మళ్లీ అడవిగా చేయడం ఆమె పని. కొన్నేళ్లపాటు కొండ మీదికి గొర్రెల్ని తోలకుండా, కట్టెలు కొట్టకుండా ఉండడానికి కింద ఊరి వాళ్లు ఒప్పుకున్నారు. ఒకప్పుడు కట్టెల కోసం నరికిన నారేపి చెట్ల మొదళ్లు కొండంతా ఉన్నాయి. ఒక్కో మొదలు నుంచి పిలకలు గుత్తులుగా లేచి, ఏదీ ఎదగక పొదల్లా మిగిలిపోయాయి. బలమైన పిలక ఒకటి ఉంచి మిగతావి కోసేస్తే వేరు బలమంతా దానికే పోతుందని ఆమె చదువుకుంది. కూలీలను పెట్టి, వాననీళ్లు దిగే ఒక వంక పొడుగునా కోయించింది. ఊరికి మాత్రం ముందు చెప్పలేదు.

మరుసటి రోజు మా మామ గాభరాగా వచ్చాడు. "గొర్రెలోళ్లు పాపను నిలదీస్తారంట. నువ్వు తోడు పోమ్మా."

క్యారియరు కట్టుకుని వెళ్లాను. కొండ కింద జనం మమ్మల్ని చుట్టుకున్నారు. గొర్రెలోళ్ల పెద్దాయన కర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు.

"ఏమమ్మా, మా గొర్రె నోరు పెడితే తప్పు, నీ కొడవలి పెడితే సదువా?"

"కట్టెలు గుత్తిలో అమ్ముకున్నట్టుండార్లే!" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

"మీకు చెప్పకుండా కోయించింది తప్పే తాతా. కోసిన కట్టె ఆడే పడుండాది, పోయి సూడండి" అంది మా ఆడబిడ్డ. "జొన్నచేన్లో వత్తుగా మొలిస్తే నువ్వు కొన్ని పీకెయ్యవా?"

ఆయన తలెత్తి వంక వైపు చూశాడు. తర్వాత తీర్పు చెప్పాడు. "సరే. ఆషాఢం పొయ్యేలోగా ఈ వంకలో నువ్వు ఇడిసిన పిలకలు చిగురు పెట్టల్ల. లేదంటే గొర్రెల్ని తోల్తాం. నువ్వు మళ్లా ఈ పక్కకు రాగూడదు."

"అట్లే తాతా" అంది. తిరుగు బస్సులో మాత్రం నా వైపు తిరిగి అడిగింది. "వానే రాకుంటే ఎట్ల వదినా?" మిగిలిన జొన్నరొట్టె విరిచి సగం ఆమె చేతిలో పెట్టాను.

ఆ ఏడు అదనుకు వాన రానే లేదు. వేరుశనగ విత్తనాలు ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ పిలకలు ఉన్న ఆకు కూడా రాల్చి కట్టెల్లా నిలబడ్డాయి. ఆమె వెళ్లినప్పుడల్లా గోటితో గీకి చూసుకుని వచ్చేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయేది.

ఆషాఢం చివర నన్ను మళ్లీ తోడు తీసుకెళ్లింది. ఊరి గొర్రెలన్నీ కొండ కింద నిలబడి ఉన్నాయి. వాటి డొక్కలు లోపలికి పోయాయి.

"ఇంక ఆగలేం తల్లీ" అన్నాడు పెద్దాయన. ఈసారి కోపంగా అనలేదు.

ఆమె వాదించలేదు. ఆయన్ను వంకలోకి తీసుకుపోయి కోయకుండా ఉంచిన ఒక పిలక ముందు నిలబెట్టింది. "నువ్వే గీకు తాతా."

ఆయన మొరటు గోటితో గీకాడు. బెరడు కింద పచ్చటి తడి కనిపించింది. నమ్మక ఇంకో చెట్టు దగ్గరికి వెళ్లాడు. అక్కడి నుంచి మరో చెట్టుకు. చివరికి వెనక్కి తిరిగి చాలాసేపు మందను చూశాడు.

"తోలండ్రా, కణేకల్ కాలవ పక్కకు పోదాం" అన్నాడు. "వానొచ్చినాక సూస్తాం."

ఆ ఎండలో అంత దూరం గొర్రెల్ని నడిపించుకుపోయారు. కొన్ని దారిలోనే చచ్చిపోయాయని తర్వాత తెలిసింది. మా ఆడబిడ్డ అది ఎన్నడూ మరిచిపోలేదు. ఆలస్యంగా వాన పడి వంకంతా చిగురించిన రోజు కూడా గెలిచానని అనలేదు. "వాళ్లు ఆగినారు వదినా" అంది. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, ముందు గొర్రెల వాళ్లను కొండ మీదికి పిలిచి, ఏది కోయాలో ఏది ఉంచాలో వాళ్లతో మాట్లాడాకే కొడవలి పట్టింది.

దినాలు అయ్యాక నేను ఆ కొండకు వెళ్లాను. నారేపి చెట్లు తలెత్తి చూసేంత ఎదిగాయి. ఇప్పుడు వంతులవారీగా గొర్రెల్ని మేపుకోనిస్తున్నారు. ఆ పెద్దాయన కోడలు మందను తోలుకుంటూ వచ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు. ఆమె పక్కనున్న చెట్టు నిండా ఆకులున్నాయి, చూడాల్సిన అవసరమేమీ లేదు. అయినా పోతూ పోతూ బొటనవేలి గోటితో బెరడు గీకి, ఒక్క క్షణం చూసి, గొర్రెల వెంట కదిలిపోయింది.

దగ్గరికి వెళ్లి చూశాను. మానిపోయిన పాత గీతల నడుమ ఆ కొత్త గీత పచ్చగా, తడిగా ఉంది.