రాయి మీద నిలబడ్డ ఉడత

మా అక్క పోయిందన్న కబురు శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి పొద్దున్నే ఫోన్లో వచ్చింది. అక్క అంటే మా పెద్ద తోడికోడలు. పాతికేళ్లు ఒకే వంటింట్లో వండుకున్నాం. ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తోచలేదు. టీవీ మీది గుడ్డ తీసి, దులిపి, మళ్లీ కప్పాను. మడత సరిగా రాలేదని మళ్లీ తీశాను. నెల కావస్తున్నా ఆ గుడ్డ దగ్గరే తిరుగుతున్నాను.

ఆ గుడ్డ కింద, టీవీ పక్కన, టీవీకి తగిలించి ఆడే ఒక పాత వీడియోగేమ్ ఆటపెట్టె ఉంది. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. అక్క కూతురు బడికెళ్లే రోజుల్లో కొన్నది; పిల్ల పెళ్లయి పలాస వెళ్లాక అటకెక్కింది. ఐదారేళ్ల కిందట అటక దులుపుతూ కిందికి దింపాం. పారేద్దామన్నాను. అక్క తీగలు తగిలించి చూసింది. తెర మీద ఎర్ర చొక్కా తొడుక్కున్న ఉడత. ఎవరూ మీట నొక్కకపోతే అది నడుం మీద చేతులు పెట్టుకుని, విసుగ్గా కాలు నేలకేసి కొడుతుంది.

"సూడే, అచ్చం మీ బావగారే! అన్నం ఆలీసమైతే ఇలాగే కదా నించుంటారు" అంది అక్క. ఆ పూటే ఆట ఆమెకి పట్టుకుంది.

మా ఇల్లు ఆమదాలవలసలో, మా బియ్యం దుకాణం వెనకాల. మధ్యాహ్నం మగవాళ్లు దుకాణంలోకి వెళ్లగానే అక్క టీవీ ముందు పీట వేసుకునేది. ఉడత ఎడమ నుంచి కుడికి పరుగెడుతూ గోతులు దాటాలి, ముళ్లపందుల్ని తప్పించుకోవాలి. ఎనిమిది స్టేజీలు దాటితే దాని గూడు వస్తుందని అట్టపెట్టె మీద బొమ్మ ఉండేది. ఉడత గెంతినప్పుడల్లా అక్క కూడా రెండు పాదాలూ నేల మీంచి లేపేది.

"నువ్వెందుకు గెంతడం అక్కా?"

"బరువంతా దాని మీదే ఎయ్యమన్నావేటి?"

నాకు ఆడడం రాదు, రాసిపెట్టడం వచ్చు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, నోటుబుక్కు పక్కన పెట్టుకుని, ఏ గొయ్యి ఎక్కడుందో చదివి చెప్పేదాన్ని. అయినా ఉడత గోతిలో పడేది.

"గొయ్యి సెప్పకే, అవతలి గట్టు సెప్పు. గొయ్యినే సూస్తే కాలు అందులోకే ఎల్తాది" అంది ఒకరోజు. అప్పటి నుంచి గట్లు రాయడం మొదలుపెట్టాను. మూతలు కూడా సైజు ప్రకారం పేర్చుకునే నా మీద, ఏ మూత ఏ గిన్నె మీద పెట్టేస్తుందో తెలియని ఆ మనిషి ఒక్కసారి కూడా చిరాకు పడలేదు.

ఆ పెట్టెతో ఒక చిక్కుంది. ఆపేస్తే ఆట మొత్తం పోతుంది. మళ్లీ మొదటి గొయ్యి నుంచే. మా ఇంట్లోనేమో దీపాల వేళ టీవీ మోగకూడదు, అది అత్తగారి కాలం నాటి పద్ధతి. ఒక సాయంత్రం ఉడత మొట్టమొదటిసారి ఏడో స్టేజీకి చేరింది. అక్క దాన్ని ఒక రాయి మీద భద్రంగా నిలబెట్టి, టీవీ ఒక్కటే ఆపి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. వెనకే లేచిన నేను, అలవాటు చొప్పున, గోడ మీది పెట్టె స్విచ్చి కూడా కట్టేశాను.

అక్క తిరిగి వచ్చి పెట్టె వంక చూసింది. "ఎర్ర లైటు ఏదే?"

నేను స్విచ్చి వంక చూశాను.

"నీ సేతులు సల్లగుండ! గూటికాడికొచ్చినదాన్ని సంపేసినావు కదే!"

దీపం పెట్టాక బొట్టుబిళ్లల అట్ట తెచ్చి, ఒక బిళ్ల తీసి ఆ స్విచ్చి మీద అంటించింది. "ఇంక దీని జోలికి రాకు. పోన్లే, తోవ తెలిసింది కదా" అంది.

తప్పయిందని నేను అనలేదు. ఇంట్లో స్విచ్చులన్నీ చూసుకునేది నేనే కదా అని లోలోపల వాదించుకున్నాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా ఆమె ఆరో స్టేజీ దాటలేకపోయింది. మొన్నీమధ్య ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో జావ తాగిస్తుంటే, "ఆ రాయి అవతల ఏటున్నాదో సూడనేలేదే" అంది. "ఇంటికొచ్చి చూద్దువుగానిలే అక్కా" అన్నాను. అప్పుడైనా అనవలసిన మాట అనలేదు.

పన్నెండో రోజు అయ్యి చుట్టాలు వెళ్లాక నేనే పీట వేసుకున్నాను. చదివితే చెయ్యి ఆగిపోతుంది, నొక్కితే చదవడం ఆగిపోతుంది. రోజూ ఆటలో వచ్చే ఒక వంతెన దగ్గరే పడ్డాను. లేచి వంటింట్లోకి వెళ్లి, ఎందుకొచ్చానో మరిచి, మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. మెల్లగా నా పాదాలు కూడా నాకు తెలియకుండానే నేల మీంచి లేవడం మొదలెట్టాయి.

నిన్న సాయంత్రం ఉడత ఆ రాయి ఎక్కింది. నోటుబుక్కు పేజీ తిప్పాను. ఖాళీ. అవతల ఏ గట్టుందో ఎవరూ రాయలేదు.

అప్పుడే బావగారు గుమ్మంలోకి వచ్చారు. "దీపం ఎట్టినావా అమ్మా?" అని, తెర వంక చూసి ఆగిపోయారు. నా చెయ్యి స్విచ్చుల వైపు వెళ్లడం చూసి, "టీవీ ఒక్కటీ కట్టమ్మా. ఆ డబ్బా ఉండనీ" అన్నారు.

దీపం పెట్టి వచ్చి పీట మీద కూర్చున్నాను. బొట్టుబిళ్ల అంటించిన స్విచ్చి వేసే ఉంది. పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది. నల్లబడ్డ తెర వెనక, ఆ రాయి మీద, ఉడత నడుం మీద చేతులు పెట్టుకుని కాలు కొడుతూనే ఉంటుంది.